డేటాబేస్ ఆటోమేషన్: సర్వర్ ఏర్పాటు నుంచి బ్యాకప్ దాకా

2024 డిసెంబరు 12 గురువారం సాయంత్రం 5 గంటలకు తెలంగాణ అంతటా భూమి రికార్డుల పోర్టల్ ధరణి సేవలు ఆగిపోయాయి. 16వ తేదీ సోమవారం ఉదయం దాకా పోర్టల్ పనిచేయదని ప్రభుత్వం ముందే చెప్పింది. కారణం ఒక్కటే: డేటాబేస్ వెర్షన్ అప్‌గ్రేడ్. కోరుట్ల నుంచి వేములవాడ పోయే దారిలో ఉన్న రుద్రంగి మండలంలోనూ ఆ రోజుల్లో వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్ లేదు, మ్యుటేషన్ లేదు. క్యాలెండర్ పక్కన పెట్టుకుని చూస్తే ఆ తేదీల ఎంపికలోని నేర్పు తెలుస్తుంది. 14 రెండో శనివారం, 15 ఆదివారం. పూర్తిగా పోయిన పనిదినం శుక్రవారం ఒక్కటే. డేటాబేస్‌లు నడిపేవాళ్ల భాషలో దీని పేరు మెయింటెనెన్స్ విండో.

డేటాబేస్‌ను కొత్తగా నెలకొల్పడం, ఉన్నదాన్ని మార్చడం, అది సరిగ్గా నడుస్తోందో లేదో కనిపెట్టుకుని ఉండడం, నకళ్లు తీసి దాచడం, అవసరమైన రోజున ఆ నకలు నుంచి తిరిగి లేపడం. ఈ పనులన్నీ ఒకప్పుడు డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) అనే ఉద్యోగి కీబోర్డు ముందు కూర్చుని చేసేవాడు. వాటిని ముందే రాసిపెట్టిన ఆదేశాల రూపంలో యంత్రానికి అప్పగించడమే డేటాబేస్ ఆటోమేషన్. దీనివల్ల వేగం పెరుగుతుంది, చేతి పొరపాట్లు తగ్గుతాయి. అయితే దీనికో జబ్బుంది. మనిషి చేసే పని ఆగిపోతే పక్క కుర్చీలోని వాడికైనా తెలుస్తుంది. యంత్రం చేసే పని ఆగిపోతే, అడిగేవాడు లేకపోతే, నెలల తరబడి ఎవరికీ తెలియదు. ఈ రంగంలో పేరుకెక్కిన ప్రమాదాలను వరసగా చూస్తే చాలావాటి మొదట్లో ఇలాంటి చప్పుడు లేని వైఫల్యమే ఉంటుంది.

చేతిపని రోజులు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరు 4న రిజిస్ట్రేషన్ శాఖ ‘కార్డ్’ ప్రాజెక్టును 214 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో ప్రారంభించింది. ఆస్తి లావాదేవీల చరిత్ర చూపే ఈసీ కావాలంటే లావుపాటి ఇండెక్స్ పుస్తకాలు తిరగేసే రోజులు పోయి, నిమిషాల్లో ప్రింటు చేతికొచ్చే రోజులు వచ్చాయి. ఆనాటి పద్ధతిలో ఏ కార్యాలయం సర్వర్ ఆ కార్యాలయంలోనే ఉండేది. అంటే రాష్ట్రంలో అన్ని చోట్లా, ప్రతి సాయంత్రం, ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని నకలు తీస్తేనే నకలు ఉన్నట్టు.

ఆ కాలంలోనే హైదరాబాద్ అమీర్‌పేటలో, మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో, ఒరాకిల్ డీబీఏ కోర్సుల బోర్డులు గోడలు నింపేశాయి. డేటాబేస్ ఇన్‌స్టాల్ చేయడం, టేబుల్‌స్పేస్ పెంచడం, యూజర్లకు అనుమతులివ్వడం, రాత్రి బ్యాకప్ తీయడం అక్కడి పాఠాలు. కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి డిగ్రీ పట్టుకుని వెళ్లిన కుర్రాళ్లు ఆ పాఠాలతోనే బెంగళూరుకూ, అక్కడినుంచి అమెరికాకూ సాగారు. చేత్తో చేసే ఆ పనుల్లో చాలామటుకు ఇప్పుడు స్క్రిప్టుల పాలయ్యాయి. బీజాలు మాత్రం ముందునుంచే ఉన్నాయి. చెప్పిన వేళకు చెప్పిన పని చేసిపెట్టే ‘క్రాన్’ 1979 నాటి యునిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఉంది. ఒరాకిల్ 1997లో ఎనిమిదో వెర్షన్‌తోపాటు ‘ఆర్‌మ్యాన్’ అనే బ్యాకప్ సాధనాన్ని ఇచ్చింది. క్రాన్‌లో ఒక లైను, ఆర్‌మ్యాన్‌కు ఒక స్క్రిప్టు రాసిపెట్టి, రాత్రి రెండింటికి బ్యాకప్ దానంతటదే నడుస్తుంటే నిద్రపోయిన డీబీఏలే ఈ ఆటోమేషన్‌కు ఆద్యులు.

ఏర్పాటు, మార్పు

డేటాబేస్ సర్వర్‌ను చేత్తో నెలకొల్పితే వచ్చే చిక్కు మొదటి సర్వర్‌తో రాదు, పదో సర్వర్‌తో వస్తుంది. పదింటిలో ఏదో ఒకదాని మెమరీ సెట్టింగు వేరుగా ఉంటుంది, ఇంకొకదాని గడియారం నాలుగు నిమిషాలు వెనక ఉంటుంది, మరొకదాని పాస్‌వర్డ్ దాన్ని పెట్టినాయన రాజీనామా చేశాక ఎవరికీ తెలియదు. ఏళ్లు గడిచేకొద్దీ యంత్రాలు ఇలా ఒకదానికొకటి దూరమవుతాయి.

2005లో వచ్చిన పప్పెట్, 2012లో వచ్చిన ఆన్సిబుల్, 2014లో వచ్చిన టెర్రాఫామ్ ఈ చిక్కును ఒకే రకంగా విప్పాయి. ఏం చేయాలో అంచెలంచెలుగా చెప్పకుండా, చివరికి యంత్రం ఎలా ఉండాలో రాసిపెట్టమన్నాయి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ 16వ వెర్షన్ ఉండాలి. డేటా ఫోల్డర్ రెండో డిస్కు మీదే ఉండాలి. 5432 పోర్టు అప్లికేషన్ సర్వర్‌కు తప్ప ఎవరికీ తెరుచుకోకూడదు. బ్యాకప్ యూజర్‌కు చదివే అనుమతి తప్ప మరొకటి ఉండకూడదు. ఇలా రాసిన ఫైలును నడిపితే లేనివాటిని అది ఏర్పాటు చేస్తుంది. మళ్లీ నడిపితే, అన్నీ సరిగ్గా ఉంటే, దేన్నీ ముట్టుకోదు. ఈ రెండో లక్షణమే అసలు బలం, ఎందుకంటే అదే ఫైలును రోజూ నడిపి ఎక్కడైనా ఎవరైనా చేత్తో మార్చారేమో పట్టుకోవచ్చు. ఫైలు, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఉంటుంది కాబట్టి ఏ మార్పు ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో కూడా దొరుకుతుంది.

సొంత సర్వర్ జంజాటమే వద్దనుకునేవాళ్ల కోసం అమెజాన్ 2009 అక్టోబరులో ఆర్‌డీఎస్ పేరుతో డేటాబేస్‌ను అద్దెకివ్వడం మొదలుపెట్టింది. ఏర్పాటు, ప్యాచింగ్, రోజువారీ బ్యాకప్ అద్దెలోనే కలిసి ఉంటాయి. 2022 నవంబరులో హైదరాబాద్‌లోనూ అమెజాన్ రీజియన్ తెరుచుకోవడంతో, ముంబైలో అసలు పెట్టుకుని హైదరాబాద్‌లో నకలు దాచుకోవడం దేశం దాటకుండానే వీలైంది. ఇక కంటైనర్లను నడిపించే కుబర్నెటీస్ ప్రపంచం మొదట్లో డేటాబేస్‌లను దూరంగా పెట్టింది. ఎప్పుడు కావాలంటే అప్పుడు చంపి మళ్లీ పుట్టించే కంటైనర్లకూ, పోతే తిరిగిరాని డేటాకూ పొత్తు కుదరలేదు. 2016లో కోర్‌ఓఎస్ సంస్థ ‘ఆపరేటర్’ అనే పద్ధతి తెచ్చింది. అనుభవమున్న డీబీఏ ఏ పరిస్థితిలో ఏం చేస్తాడో దాన్ని ప్రోగ్రాముగా రాసి క్లస్టర్‌లోనే కూర్చోబెట్టడం అన్నమాట. పోస్ట్‌గ్రెస్‌కు ఇప్పుడు అలాంటి ఆపరేటర్లు పలు ఉన్నాయి.

కొత్త సర్వర్ పెట్టడం కంటే నడుస్తున్న డేటాబేస్ రూపం మార్చడం కష్టం. రుద్రంగి కథే చూడవచ్చు. 2016 అక్టోబరు 11 దాకా అది కరీంనగర్ జిల్లా చందుర్తి మండలంలోని ఊరు. ఆ దసరా రోజున తెలంగాణ 10 జిల్లాల నుంచి 31 జిల్లాలైంది, 125 కొత్త మండలాలు పుట్టాయి, రుద్రంగి రాజన్న సిరిసిల్ల జిల్లాలో తానే ఒక మండలమైంది. జీవో మీద సంతకం ఒక్క క్షణం పని. భూమి రికార్డులు, రేషన్ కార్డులు, పింఛన్లు, ఓటరు జాబితా, బడి పిల్లల వివరాలు, వీటన్నిటి వెనకున్న డేటాబేస్‌లలో జిల్లా కోడు, మండలం కోడు ఉన్న ప్రతి వరుసా మారాలి. ఒక శాఖ ముందు మార్చి మరో శాఖ వెనక మారిస్తే రెండింటినీ కలిపి చూసే ప్రోగ్రాము ఆ ఊరినే గుర్తుపట్టదు. పైగా పాత ధ్రువపత్రాలు పట్టుకుని వచ్చేవాళ్లు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటారు కాబట్టి పాత కోడును చెరిపేయడానికీ లేదు.

ఇలాంటి మార్పులకు ఆటోమేషన్ ఇచ్చిన జవాబు మైగ్రేషన్ ఫైళ్లు. 2006లో మొదలైన లిక్విబేస్, 2010లో వచ్చిన ఫ్లైవే ఇందులో ప్రసిద్ధం. ప్రతి మార్పుకూ ఒక నంబరు, ఒక ఫైలు. ఏ ఫైళ్లు ఇప్పటికే నడిచాయో డేటాబేస్‌లోనే ఒక చిన్న పట్టికలో రాసి ఉంటుంది, కొత్తవి మాత్రమే వరస ప్రకారం నడుస్తాయి. ఎప్పుడో రాసిన ఫైలును ఎవరైనా గుట్టుగా దిద్దితే చెక్‌సమ్ తేడా వచ్చి సాధనం అక్కడే ఆగిపోతుంది. జాగ్రత్తపరులు మార్పును మూడు అంచెల్లో చేస్తారు. మొదట కొత్త కోడు కోసం ఖాళీ కాలమ్ చేరుస్తారు. తర్వాత అప్లికేషన్ పాత, కొత్త రెండింటిలోనూ రాసేలా చేసి, పాత వరుసలను కొద్దికొద్దిగా నింపుకుంటూ వస్తారు. అంతా సరిపోయిందని తేలాకే చదవడం కొత్తదానివైపు మళ్లిస్తారు. మధ్యలో ఎక్కడ తేడా వచ్చినా వెనక్కి రావచ్చు. లక్షల వరుసలను ఒకే ఆదేశంతో మారిస్తే ఆ వరుసలన్నిటికీ తాళం పడి, కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లకు వినపడే మాట ‘సర్వర్ డౌన్’.

మార్పును ఒక్కసారిగా అందరి మీదా వదలకుండా కొద్దిమందితో మొదలుపెట్టడం మరో జాగ్రత్త. ధరణి స్థానంలో వచ్చిన భూభారతి అమలు సరిగ్గా అదే వరసలో సాగింది. 2025 ఏప్రిల్ 14న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పోర్టల్‌ను ఆవిష్కరించాక, మొదట నేలకొండపల్లి, లింగంపేట, మద్దూరు, వెంకటాపూర్ మండలాల్లో రెవెన్యూ సదస్సులు పెట్టారు. మే 5 నుంచి మరో 28 జిల్లాల్లో జిల్లాకో మండలం చొప్పున ఎంచుకున్నారు. జగిత్యాల జిల్లాలో బుగ్గారం, రాజన్న సిరిసిల్లలో రుద్రంగి. జూన్‌లో గానీ రాష్ట్రమంతటికీ పోలేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో దీన్ని కేనరీ డిప్లాయ్‌మెంట్ అంటారు. 2016లో అందరితోపాటు ఒక్క రాత్రిలో కోడు మారిన రుద్రంగి, ఈసారి జిల్లాలో అందరికంటే ముందు పరీక్షకు నిలబడ్డ మండలమైంది.

నిఘా

సర్వర్ ఆరోగ్యం చూసే నాగియోస్ 1999లో, జాబిక్స్ 2001లో వచ్చాయి. సౌండ్‌క్లౌడ్ సంస్థలో 2012లో పుట్టిన ప్రోమెథియస్, దాని అంకెలను గ్రాఫులుగా చూపే గ్రఫానా ఇప్పుడు వాటి స్థానంలో ఎక్కువగా కనిపిస్తాయి. ప్రోమెథియస్ కొన్ని సెకన్లకోసారి ప్రతి సర్వర్‌నూ పలకరించి అంకెలు తెచ్చుకుంటుంది: ఎన్ని కనెక్షన్లు తెరిచి ఉన్నాయి, ఏ క్వెరీ ఎంతసేపు పట్టింది, ఎవరి తాళం కోసం ఎవరు కాచుకున్నారు, నకలు సర్వర్ అసలుకంటే ఎన్ని సెకన్లు వెనకుంది, డిస్కు ఎంత ఖాళీగా ఉంది.

డిస్కు సంగతే దగ్గరగా చూస్తే నిఘా ఎందుకో అర్థమవుతుంది. పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ మొదట వాల్ అనే లాగ్‌లో రాస్తుంది. ఆ లాగ్ 16 మెగాబైట్ల ఫైళ్లుగా తెగుతుంది. ఒక్కో ఫైలు నిండగానే దాన్ని మరో చోటికి పంపమని ముందే చెప్పిపెడతారు. పంపాల్సిన చోట పాస్‌వర్డ్ గడువు తీరిందనుకుందాం. ఫైలు పోదు. పోని ఫైలును పోస్ట్‌గ్రెస్ చెరపదు, చెరిపితే బ్యాకప్ గొలుసు తెగుతుంది గనక. మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, ఫైళ్లు పోగుపడుతుంటాయి. యూజర్లకు ఏ తేడా తెలియదు. మూడో రోజో నాలుగో రోజో డిస్కు నిండుతుంది, డేటాబేస్ ఆగిపోతుంది. బ్యాకప్ కోసం పెట్టిన ఏర్పాటే డేటాబేస్‌ను పడగొట్టిందన్నమాట. డిస్కు 80 శాతం దాటితే ఫోను మోగే ఏర్పాటు అవసరమే. ‘చివరి లాగ్ ఫైలు పంపి పది నిమిషాలైంది’ అని మోగే ఏర్పాటు దానికంటే మూడు రోజుల ముందు లేపుతుంది.

మెల్లగా దగ్గరపడే ప్రమాదాలు ఇంకా ఉన్నాయి. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి లావాదేవీకీ ఒక నంబరు పడుతుంది. పాత నంబర్లను వ్యాక్యూమ్ అనే ప్రక్రియ ఎప్పటికప్పుడు సర్దుతుండాలి. అది వెనకబడి, సర్దని నంబర్లు 200 కోట్ల హద్దుకు చేరువైతే డేటాబేస్ కొత్త రాతలు తీసుకోవడం మానేస్తుంది. 2015లో సెంట్రీ, 2019 ఫిబ్రవరిలో మెయిల్‌చింప్ వారి మాండ్రిల్ ఇలాగే ఆగాయి. ఒక్క అంకెను గ్రాఫులో చూస్తూ ఉంటే వారాల ముందే తెలిసే సంగతి ఇది.

అలాగని ప్రతిదానికీ అలారం పెడితే ఎవరూ వినరు. రాత్రి నలభై సందేశాలు వచ్చే ఫోనును ఏ ఇంజినీరైనా మూడో వారానికి సైలెంట్‌లో పెడతాడు. అందుకే అనుభవమున్న బృందాలు మనిషిని నిద్ర లేపే అలారాలను వేళ్ల మీద లెక్కపెట్టేంతకు కుదిస్తాయి. రెండో ఏర్పాటు తలకిందుల అలారం: బ్యాకప్ పూర్తయిన ప్రతిసారీ ఒక సంకేతం రావాలి, అనుకున్న వేళకు రాకపోతే గంట మోగాలి. చెడు వార్త కోసం చూడకుండా మంచి వార్త రాకపోవడాన్ని పట్టుకునే ఈ చిన్న మలుపు, ఖరీదైన సాధనాలకంటే ఎక్కువ మేలు చేసింది. మన దేశంలో చట్టం ఒత్తిడీ ఉంది. 2022 ఏప్రిల్ 28 నాటి, సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన తెలిసిన ఆరు గంటల్లో నివేదించాలి, లాగ్‌లు 180 రోజులు ఉంచాలి, సర్వర్ల గడియారాలు జాతీయ సమాచార కేంద్రం (ఎన్‌ఐసీ) లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో కలిసి నడవాలి.

నిఘా నుంచి ఒక అడుగు ముందుకు వేస్తే, అసలు సర్వర్ పడిపోయినప్పుడు నకలు సర్వర్‌ను యంత్రమే అసలుగా నిలబెడుతుంది. దీని పేరు ఫెయిలోవర్. ప్రోగ్రాముల కోడ్ దాచుకునే వేదిక గిట్‌హబ్‌కు 2018 అక్టోబరు 21న ఎదురైనది ఈ విషయంలో చదివి తీరాల్సిన ఉదంతం. అమెరికా తూర్పు తీరంలో నెట్‌వర్క్ పరికరం మార్చే పనిలో కనెక్షన్ 43 సెకన్లు తెగింది. ఆర్కెస్ట్రేటర్ అనే సాధనం తనకు చెప్పిన పని తప్పకుండా చేసింది: తూర్పు సర్వర్లు పోయాయనుకుని పడమటి తీరపు సర్వర్లను అసలుగా నియమించింది. కానీ తూర్పున చివరి సెకన్లలో రాసినవి కొన్ని పడమటికి చేరలేదు. కనెక్షన్ తిరిగి వచ్చేసరికి రెండు చోట్లా ఒకదానిలో లేని రాతలు మరొకదానిలో ఉన్నాయి. వాటిని కలిపి సరిచేసి, సేవ పూర్తిగా మామూలయ్యేసరికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. యంత్రంలో లోపమేమీ లేదు. ఎంతసేపు ఆగి చూడాలో, ఎంత దూరం దాటకూడదో చెప్పాల్సిన మనుషులు ఆ పరిస్థితిని ముందు ఊహించలేదు.

బ్యాకప్

బ్యాకప్‌ను రెండు ప్రశ్నలతో కొలుస్తారు. ప్రమాదం జరిగితే ఎంతసేపటి పని పోయినా ఫర్వాలేదు? ఎంతసేపట్లో తిరిగి లేవాలి? మొదటిదాన్ని ఆర్‌పీఓ, రెండోదాన్ని ఆర్‌టీఓ అంటారు. రాత్రి ఒక్క నకలు తీసే చోట సాయంత్రం నాలుగింటికి డిస్కు పోతే ఆ రోజు రిజిస్ట్రేషన్లన్నీ పోయినట్టే. వేలిముద్ర వేసి, డబ్బులు చేతులు మారి, కొన్నవాళ్లు బస్సెక్కి వెళ్లిపోయాక వాళ్లను మళ్లీ పిలిపించడం ఏ తహశీల్దారుకూ సరదా కాదు. అందుకే పూర్తి నకలు వారానికో రోజుకో తీసి, మధ్యలోని మార్పుల లాగ్‌ను నిమిషాల వ్యవధిలో పక్కకు పంపుతుంటారు. పోస్ట్‌గ్రెస్‌కు పీజీబ్యాక్‌రెస్ట్, బార్మన్, మైఎస్‌క్యూఎల్‌కు ఎక్స్‌ట్రాబ్యాకప్ ఈ పని చేసిపెడతాయి.

లాగ్ చేతిలో ఉంటే కోరుకున్న క్షణానికి వెనక్కి పోవచ్చు. ఒక మండలంలో ఉదయం 11:40కి ఎవరో ఒక సర్వే నంబరు పట్టాదారు పేరు దిద్దబోయి, ఏ వరుసో చెప్పే షరతు రాయడం మరిచారనుకుందాం. మండలమంతా ఒకే పేరు మీదికి వచ్చేస్తుంది. నకలు సర్వర్ ఉంది కదా అనుకోవడానికి లేదు, ఆ తప్పు సెకను తిరక్కుండా అక్కడికీ పాకుతుంది. రాత్రి తీసిన పూర్తి నకలును వేరే యంత్రం మీద పోసి, లాగ్‌ను 11:39 దాకా మాత్రమే నడిపిస్తే పొరపాటుకు ముందు నిమిషం తిరిగి దొరుకుతుంది. పోస్ట్‌గ్రెస్‌కు ఈ సదుపాయం 2005లో 8.0 వెర్షన్‌తో వచ్చింది.

ఇదంతా కాగితం మీద ఎంత బాగున్నా, 2017 జనవరి 31 రాత్రి అలాంటిదే మరో వేదిక గిట్‌ల్యాబ్‌లో ఏం జరిగిందో ఒకసారి చూడాలి. నకలు సర్వర్ వెనకబడిపోతోంది. అలసిన ఇంజినీరు దాని డేటా ఫోల్డర్ చెరిపేసి మొదటినుంచి నింపుదామనుకున్నాడు. చెరిపింది మాత్రం అసలు సర్వర్‌లో. తెలుసుకుని ఆపేలోపు 300 గిగాబైట్ల దాకా ఉన్న డేటాలో మిగిలింది నాలుగున్నర గిగాబైట్లు. సరే, బ్యాకప్‌లున్నాయి కదా అని వెతికారు. రోజువారీ డంప్ తీసే ప్రోగ్రాము 9.2 వెర్షన్‌ది, డేటాబేస్ 9.6, రెండూ సరిపడక ప్రతి రోజూ విఫలమవుతూనే ఉంది. విఫలమైందని చెప్పే ఈమెయిళ్లు బయల్దేరాయి గానీ, పంపిన చిరునామాకు సరైన ధ్రువీకరణ లేదని అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొట్టింది. ఫైళ్లు ఉండాల్సిన క్లౌడ్ పెట్టె ఖాళీ. చివరికి కాపాడింది ఏ ఏర్పాటూ కాదు. ఆ ఇంజినీరే ఆరు గంటల ముందు వేరే పరీక్ష కోసం చేత్తో తీసుకున్న స్నాప్‌షాట్. ఆ ఆరు గంటల్లోని సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు పోయాయి. ఆ సంస్థ మరుసటి రోజంతా కోలుకునే పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది, తర్వాత తప్పులన్నీ విడమరిచి రాసింది. ఈ రంగంలో ఆ నిజాయతీ అరుదు.

ఇంజినీర్ల చేతి పొరపాటుకు తోడు దోపిడీ బెడద ఉంది. 2019 మే మొదట్లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్లు, డేటాకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ దెబ్బకు ఆగాయి, బ్యాకప్‌లుండడంతో తేరుకున్నాయి. జగిత్యాల, కోరుట్లకు కరెంటిచ్చే ఉత్తర డిస్కం వాటిలో ఒకటి.  2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్‌లో ఐదు సర్వర్ల మీది దాదాపు 1.3 టెరాబైట్ల డేటాను దుండగులు ఎన్‌క్రిప్ట్ చేశారు. దెబ్బ తగలని ఒక బ్యాకప్ సర్వర్ ఉండబట్టి ఈ-హాస్పిటల్ డేటా తిరిగి వచ్చింది. వచ్చేదాకా దాదాపు రెండు వారాలు ఓపీ చీటీలు చేత్తోనే రాశారు. రాన్సమ్‌వేర్ మొదట వెతికేది బ్యాకప్‌నే. అందుకే ఇప్పుడు నిర్ణీత గడువు దాకా నిర్వాహకుడు కూడా చెరపలేని నిల్వలో ఒక ప్రతిని ఉంచుతున్నారు. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే ఊళ్లో అనే పాత 3-2-1 సూత్రానికి ఇది కొత్త చేర్పు.

వేరే ఊరు ఎందుకో అన్నమయ్య జిల్లా మదనపల్లెలో 2024 జూలై 21 రాత్రి తెలిసింది. సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి రెండు వేలకు పైగా ఫైళ్లు కాలిపోయాయి. మండల కార్యాలయాల్లో, కలెక్టరేట్‌లో ఉన్న నకళ్లతో వాటిని తిరిగి కూర్చాల్సి వచ్చింది. కాగితాల సంగతి కదా అని తీసిపారేయడానికి వీల్లేదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియా డేజన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీలు అంటుకున్నాయి. ప్రభుత్వోద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు బూడిదయ్యాయి. ఇంత పెద్ద నిల్వకు బయట బ్యాకప్ పెట్టడం కష్టమని పెట్టలేదు. సాంకేతికతలో ముందున్న దేశాల జాబితాలో పైవరుసలో ఉండే దేశం అది.

ఇలాంటి ఘటనల తర్వాత వృత్తిలోని వాళ్లు ఒక మాట మీదికి వచ్చారు. లెక్క పెట్టాల్సింది తీసిన బ్యాకప్‌లను కాదు, తిరిగి లేపి చూసిన బ్యాకప్‌లను. దీన్నీ ఆటోమేట్ చేయవచ్చు: ప్రతి రాత్రీ ఒక ఖాళీ సర్వర్ పుట్టించి, నకలును దాని మీద పోసి, వరుసల సంఖ్య, మొత్తాలు, నిన్నటి చివరి లావాదేవీ సరిపోల్చి, ఎంతసేపు పట్టిందో నమోదు చేసి, ఆ సర్వర్‌ను తీసేయడం. క్లౌడ్‌లో దీనికయ్యే ఖర్చు స్వల్పం. అయినా చేసేవాళ్లు తక్కువ, ఎందుకంటే దీన్ని చేయలేదని ఎవరూ అడగరు. అడిగే చోట చేస్తారు. సెబీ నియంత్రణలో ఉన్న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 2024లో మార్చి 2, మే 18 శనివారాల్లో ప్రత్యేకంగా మార్కెట్ తెరిచి, కొంతసేపు అసలు కేంద్రం నుంచి, కొంతసేపు డిజాస్టర్ రికవరీ కేంద్రం నుంచి నిజమైన కొనుగోళ్లు, అమ్మకాలు నడిపి చూసింది.

చిన్న కార్యాలయాల్లో

పెద్ద సంస్థల సాధనాలు చిన్న దుకాణానికి అక్కర్లేదు. కోరుట్లలోని ఎరువుల దుకాణానికో, సిరిసిల్లలో నేత సహకార సంఘానికో ఉండేది ఒక కంప్యూటరు, అందులో ట్యాలీ అనే జమాఖర్చుల ప్రోగ్రాము. బ్యాకప్ అంటే సొరుగులోని పెన్‌డ్రైవ్. అదీ చాలాసార్లు ఆ కంప్యూటరుకే గుచ్చి ఉంటుంది, వైరస్ వచ్చినా పిడుగు పడినా రెండూ ఒకేసారి పోతాయి. విండోస్‌లోని టాస్క్ షెడ్యూలర్‌తో దుకాణం కట్టేసే వేళకు డేటా ఫోల్డర్ నకలు తీసి, పాస్‌వర్డ్‌తో మూసి, క్లౌడ్‌కు పంపి, ఫైలు సైజును యజమాని ఫోనుకు సందేశంగా పంపే స్క్రిప్టు ముప్పై లైన్లకు మించదు. నిన్న 40 మెగాబైట్లున్నది ఇవాళ 2 కిలోబైట్లని వస్తే కంప్యూటర్ తెలియని యజమాని కూడా ఎవరినో పిలుస్తాడు. మూడు నెలలకోసారి ఆ నకలును అబ్బాయి ల్యాప్‌టాప్‌లో తెరిచి నిరుటి బాకీల జాబితా కనిపిస్తోందో లేదో చూసుకుంటే, ఈ వ్యాసంలోని పెద్ద కంపెనీల కంటే ఆ దుకాణమే నయం.

మనిషి లేని డేటాబేస్

ఒరాకిల్ 2017లో తనను తాను నడుపుకునే ‘అటానమస్ డేటాబేస్’ను ప్రకటించింది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో యాండీ పావ్లో బృందం అదే దారిలో పరిశోధన చేసి ఆటర్‌ట్యూన్ అనే కంపెనీ పెట్టింది. అది 2024లో మూతపడింది. ఇండెక్సులు సూచించడం, మెమరీ సర్దడం, ఎప్పుడు ప్యాచ్ వేయాలో చూసుకోవడం వంటివి ఇప్పుడు యంత్రాలు బాగానే చేస్తున్నాయి. ఆదేశాలు తామే రాసి తామే నడిపే ఏఐ ఏజెంట్ల సంగతి వేరు. 2025 జూలైలో ప్రోగ్రాములు రాసే రెప్లిట్ వేదిక మీద ఒక ఏజెంట్, మార్పులేమీ చేయొద్దని చెప్పిన సమయంలోనే అసలు డేటాబేస్‌ను చెరిపేసింది. పైగా వెనక్కి తేవడం కుదరదని చెప్పింది. యజమాని ప్రయత్నిస్తే వచ్చింది. ఆ తర్వాత ఆ సంస్థ పరీక్షల డేటాబేస్‌ను అసలు డేటాబేస్ నుంచి విడదీసింది. డీబీఏలు పాతికేళ్లుగా చెబుతున్న మాటే అది.

అమీర్‌పేట బోర్డుల మీద ఇప్పుడు ఒరాకిల్ డీబీఏ పక్కన డెవాప్స్, ఏడబ్ల్యూఎస్, డేటా ఇంజినీరింగ్ చేరాయి. డీబీఏ ఉద్యోగం పోలేదు గానీ పని మారింది. రాత్రి రెండింటికి బ్యాకప్ నడిపేవాడు ఇప్పుడు పగటిపూట ఇతరులు రాసిన మైగ్రేషన్ ఫైళ్లు చదివి, ఈ ఆదేశం ఎన్ని వరుసలకు తాళం వేస్తుందో లెక్కగట్టి, వద్దంటాడు. ఏ స్క్రిప్టుకు చెరిపే అధికారం ఉండాలో, ఏ అలారం ఎవరి ఫోనుకు పోవాలో తేలుస్తాడు. మొదట చెప్పుకున్న ధరణి సంగతే చూస్తే, ప్రభుత్వం దాని నిర్వహణను ప్రైవేటు సంస్థ నుంచి 2024 డిసెంబరు 1న ఎన్‌ఐసీకి అప్పగించింది. పది రోజులు దాటగానే వెర్షన్ అప్‌గ్రేడ్ పెట్టుకున్నారు. ఇలాంటి బదిలీల్లో సర్వర్లు, పాస్‌వర్డ్‌లు, సోర్స్ కోడ్ జాబితా రాసుకుని చేతులు మారతాయి. ఏ రాత్రి ఏ స్క్రిప్టు నడుస్తుంది, అది ఎవరికి కబురు పెడుతుంది, ఆ చిరునామాలో ఇప్పుడు ఎవరున్నారు అన్నదానికి కూడా అంతే శ్రద్ధగా ఒక జాబితా రాసుకోవాల్సి ఉంటుంది.